తోక కొట్టనివ్వకు

చెన్నైలో నాకు మొదట వంటబట్టిన తమిళ ముక్క "వాలు అడిక్క విడాదే". తోక కొట్టనివ్వకు అని. "సాప్టియా", అంటే తిన్నావా, ఆ తర్వాతే వచ్చింది.

కాశిమేడు హార్బర్ దగ్గర, లాబ్‌స్టర్లను ప్రాణంతోనే ఎగుమతికి ప్యాక్ చేసే షెడ్డులో పని. తమిళులు సింగి ఇరాల్ అంటారు. మాది శ్రీకాకుళం వైపు. పుట్టినప్పటి నుంచి రొయ్యలూ పీతలూ చూస్తున్నవాణ్ణే, ఇదేం లెక్క అనుకున్నాను. ఇక్కడ దొరికే రకానికి పీతకున్నట్టు డెక్కలు కూడా ఉండవు. కొరడాల్లాంటి రెండు మీసాలు, ఒంటి నిండా ముళ్లు, అంతే.

మొదటి రోజే ట్యాంకులో చెయ్యి పెట్టి మీసం పట్టుకుని లాగాను. ఠపీమని తోక ముడిచి వెనక్కి దూసుకుపోయింది. మీసం నా చేతిలో మిగిలింది. మీసం విరిగితే సరుకు గ్రేడు పడిపోతుంది. ఆ వారం కూలిలో ఓనరు 400 కోసేశాడు. పలాస నుంచి వచ్చిన మామ మాత్రం, "ఎలగ నడుస్తాదో ముందు చూడరా అల్లుడా, తర్వాత చెయ్యెడుదువు గాని" అన్నాడు.

చూశాను. పగలంతా మూల నక్కి ఉంటుంది. రాత్రి షిఫ్టులో లైట్లు తగ్గించాక కదులుతుంది. ఐదు జతల కాళ్లు. ఒక్కొక్కటే మోపుకుంటూ, మునివేళ్ల మీద నడిచినట్టు పోతుంది. మీసాలు ముందే వెళ్లి గోడనూ పక్కవాటినీ తడిమి వస్తాయి. అంత డొప్ప మోస్తున్నా నీళ్లలో బరువు తెలియదు. తీసి బల్ల మీద పెడితే చతికిలబడుతుంది. తోక కింద ఆకుల్లాంటి చిన్న రెక్కలుంటాయి, ఆడవి గుడ్లను వాటికే అంటించుకుని మోస్తాయి.

భయపడితే మాత్రం కాళ్లతో పనే లేదు. తోకను ఒక్క ఊపున కడుపు కిందికి ముడుస్తుంది. చివర విసనకర్రలా విచ్చుకున్న భాగం నీటిని ముందుకు నెడుతుంది, ఒళ్లు వెనక్కి పోతుంది. హోటల్లో జనం వేలు పోసి తినేది ఆ పారిపోయే కండనే. వరసగా కొడితే అది త్వరగా అలిసిపోతుంది, అలిసిన సరుకు పెట్టెలో బతకడం కష్టం. అందుకే ఆ తమిళ ముక్క. చల్లటి నీళ్లలో ఉంచి, మందగించాక, వీపు డొప్ప పట్టుకుని ఎత్తి తడి రంపపు పొట్టులో సర్దుతాం. మాకు ఎక్కువగా వచ్చే రకంలో 200 గ్రాముల లోపువి పక్కన పెట్టాలి, ఎగుమతికి చట్టం ఒప్పుకోదు.

ఒక రాత్రి మామ ఫోన్‌లో వీడియో చూపించాడు. కరీబియన్ వైపు ఉండే వీటి చుట్టాలు చలికాలం ముందు తుఫాన్లకు డజన్లకొద్దీ వరసకట్టి లోతు నీళ్లకు వెళ్తాయి, వెనకది ముందుదాన్ని మీసాలతో ముట్టుకుంటూ. వరసలో పోతే నీటి ఒరిపిడి తక్కువ. 2003లో అచ్చయిన పరిశోధన ఇంకా వింత. వాటిని పట్టిన చోటు నుంచి 12 మొదలు 37 కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి, కళ్లకు గంతలు కట్టి వదిలితే సొంత చోటు దిక్కుకే నడిచాయి. భూమి అయస్కాంత బలమే వాటికి గుర్తు.

"ఏప్రిల్ 15న వేట ఆగితే 61 రోజులు మనకి పనుండదు కదా, ఊరెళ్లే రైల్లో నన్ను నిద్రలేపి అడుగు. కళ్లు తెరవకుండా ఏ స్టేషనో చెప్పెత్తాను" అన్నాడు మామ.

అడిగాను. తుని అన్నాడు. సామర్లకోట.

ఆ తర్వాత నా చేతిలో ఇంకో మీసం విరగలేదు. 400 మాత్రం ఓనరు ఇప్పటికీ ఇవ్వలేదు.