చేతిసంచిలో ఒక సీసా: గాల్వెస్టన్ నుంచి కొజుమెల్ దాకా

టెక్సస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఓడ ప్రయాణం అనగానే గుర్తుకు వచ్చే రేవు గాల్వెస్టన్. హ్యూస్టన్ నుంచి ఐ-45 రహదారి మీద దక్షిణానికి వెళ్తే ఇంచుమించు గంట ప్రయాణం. డాలస్ వైపు ఉండే మాలాంటి వాళ్ళు తెల్లవారకముందే బయలుదేరితే మధ్యాహ్నానికల్లా ఓడ ఎక్కవచ్చు. విమానం ఎక్కవలసిన పని ఉండదు కాబట్టి, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళను తీసుకువెళ్ళడానికి ఇంతకంటే సులువైన యాత్ర దొరకదు. కాకినాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, హ్యూస్టన్‌లో ఉండే అక్కాబావల కుటుంబంతో కలిసి మేము కూడా మెక్సికోలోని కొజుమెల్ దీవి దాకా వెళ్ళి వచ్చే ఓడలో గదులు తీసుకున్నాము. గదులు ఖాయమైన నాటి నుంచి మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నది మాత్రం మందు గురించే.

నాన్నకు రాత్రి భోజనానికి ముందు ఒక పెగ్గు బ్రాందీ తాగడం ఏళ్ళ నాటి అలవాటు. ఒకటే పెగ్గు, కొలిచి పోసుకున్నది. అయితే ఆ సీసాను మేము ఎన్నడూ బల్ల మీద చూసి ఎరుగము. అది బీరువాలో పంచెల వెనక ఉంటుంది, ఆయన పెరటి వరండాలోకి వెళ్ళి తాగి, వక్కపొడి వేసుకుని వచ్చి భోజనానికి కూర్చుంటారు. నేను తాగుతానన్న సంగతి ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసునని నాకూ తెలుసు. అయినా ఒకరి ఎదుట ఒకరం గ్లాసు పట్టుకోలేదు. బావకూ ఆయనకూ మధ్య కూడా ఇదే పద్ధతి. మన ఇళ్ళలో చాలావాటిలో ఇలాగే జరుగుతుందని చదివేవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఈసారి వస్తూ ఆయన హైదరాబాద్ విమానాశ్రయంలో ఒక బ్రాందీ సీసా కొనుక్కున్నారు. ఓడలోకి దాన్ని తీసుకురావచ్చునా అని ఆయన అడగలేదు. అమ్మ చేత నా భార్యను అడిగించారు.

తీసుకురాకూడదు. అమెరికా రేవుల నుంచి బయలుదేరే పెద్ద ఓడలన్నిటిలోనూ స్థూలంగా నియమం ఒకటే: బ్రాందీ, విస్కీ, రమ్ము, వోడ్కా లాంటి ఘాటు మద్యం బయటి నుంచి తేకూడదు, బీరు కూడా సాధారణంగా తేకూడదు, వైనును మాత్రం పరిమితంగా అనుమతిస్తారు. మేము ఎక్కబోయే ఓడ నడిపే కార్నివాల్ సంస్థ 21 ఏళ్ళు నిండిన ప్రతి ప్రయాణికునికీ 750 మిల్లీలీటర్ల వైను లేదా షాంపేన్ సీసా ఒకటి, మూత తీయనిది, ఓడ ఎక్కే రోజున చేతి సామానులో తెచ్చుకోనిస్తుంది. నార్వేజియన్ సంస్థ ఇంకా ఎక్కువే తెచ్చుకోనిస్తుంది గానీ, తెచ్చిన ప్రతి సీసాకూ రుసుము తీసుకుంటుంది. డిస్నీ ఓడల్లో వైనుకు బదులు కొన్ని బీర్లు తెచ్చుకునే వీలు కూడా ఉంది. ఈ వివరాలు అప్పుడప్పుడూ మారుతూ ఉంటాయి కాబట్టి, బయలుదేరే వారం సంస్థ వారి నియమాలను మరొకసారి చదువుకోవడం అవసరం. వయసు విషయంలో మాత్రం కార్నివాల్ సడలింపు ఇవ్వదు. అక్క కూతురు ఇరవై ఏళ్ళది, ఆస్టిన్‌లో చదువుకుంటోంది. ఆ అమ్మాయికి సీసా లేదు, గ్లాసూ లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఆ వయసు 21 ఏళ్ళే కావడంతో అమ్మకు ఈ నియమం ఎంతో నచ్చింది.

ఈ సంగతి తెలిసిన మిత్రుడొకరు, మందు దాచుకోవడానికి ప్రత్యేకంగా అమ్మే పలుచని ప్లాస్టిక్ సంచులను తెచ్చి ఇచ్చారు. వాటిలో బ్రాందీ నింపి, బట్టల మడతల మధ్య పరిస్తే ఎక్స్‌రేలో సీసా ఆకారం కనిపించదని ఆయన నమ్మకం. నాన్న ఆ సంచులను చేత్తో అయినా ముట్టుకోలేదు. "దాచి పట్టుకెళ్ళే మందు నాకొద్దురా" అని, 1995 నాటి సంగతి చెప్పారు. ఆ సంవత్సరం జనవరిలో రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలించే దాకా, గోదావరి జిల్లాల వాళ్ళకు మందు దొరికే చోటు పక్కనే ఉన్న యానాం. అది పుదుచ్చేరి పాలనలోని ఊరు కాబట్టి నిషేధం దానికి వర్తించలేదు. యానాం నుంచి కాకినాడ వచ్చే బస్సులను ఆపి, సంచులు దింపించి వెతికేవారు. నాన్నతో పాటు పనిచేసిన ఒక మాస్టారు పిల్లల పరీక్ష పేపర్ల కట్టల మధ్య సీసా పెట్టుకుని, బస్సులో తన విద్యార్థుల ఎదుటే దొరికిపోయారట. ఆ మనిషి ముఖం తనకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉందని నాన్న అన్నారు. ఇంత వివరంగా ఆయన మందు గురించి మా ఎదుట మాట్లాడడం అదే మొదటిసారి.

బ్రాందీ ఇంట్లోనే ఉండిపోయింది. బావ చొరవ తీసుకుని, "మామయ్యగారూ, బ్రాందీకి తల్లి వైనే కదా, ద్రాక్షసారాన్ని బట్టీ పెట్టి దించితేనే అసలైన బ్రాందీ వస్తుంది" అని నచ్చజెప్పి, ఆయనను వెంటబెట్టుకుని దుకాణానికి తీసుకువెళ్ళారు. పశ్చిమ టెక్సస్‌లో లబ్బక్ చుట్టుపక్కల ఉన్న ఎత్తైన మైదానాల్లో ద్రాక్ష బాగా పండుతుంది. అక్కడి టెంప్రనిల్యో రకం ఎర్ర వైను కొన్నారు. బిరడా ఉన్న సీసా అయితే తీసే సాధనం వెతుక్కోవాలి కాబట్టి, తిప్పి తీసే మూత ఉన్నవే ఎంచుకున్నారు. పెద్దవాళ్ళం ఆరుగురం ఉన్నందున ఆరు సీసాలకు వీలుంది. అమ్మ తన వంతు తేనని ఖచ్చితంగా చెప్పింది. "నా సంచిలో దేవుడి పటం ఉంది, అందులో సీసా పెట్టను" అంది. ఆమెను ఎవరమూ బలవంతపెట్టలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన వార్త వచ్చినప్పుడు, మా వీధిలో ఊరేగింపు తీసినవాళ్ళలో ఆమె ఒకరు; సారా వల్ల పాడైన ఇళ్ళను దగ్గర నుంచి చూసిన మనిషి. సీసాకు బదులుగా ఆమె తన చేతిసంచిలో కొబ్బరినీళ్ళ డబ్బాలు పెట్టుకుంది. మద్యం కాని పానీయాలు, 12 ఔన్సులకు మించని డబ్బాల్లో, మనిషికి పన్నెండు వరకు తెచ్చుకోవచ్చు. ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు సైతం తేకూడదు. కార్నివాల్ ఈ నిబంధనను 2015 జూలై నుంచి అమలు చేస్తోంది. సీసాల్లో మందు నింపి దాచి తెచ్చేవారు ఎక్కువ కావడం దానికి ఒక కారణం.

టెర్మినల్ దగ్గర పెద్ద పెట్టెలను కూలీలకు అప్పగించాక, చేతి సామానుతో తనిఖీ వరుసలో నిలబడ్డాము. నియమం ప్రకారం వైను చేతి సామానులోనే ఉండాలి. అంటే దాచడానికి వీలు లేదు, అందరి ఎదుటా తెరిచి చూపించాలి. నాన్న తన సంచి జిప్పు తానే తీసి, సీసాను బయటకు తీసి, తనిఖీ చేసే ఆమెకు రెండు చేతులతో అందించారు. ఆమె మూత సరిచూసి, సీసా తిరిగి ఇచ్చి, శుభప్రయాణమని చెప్పింది. వెనక కొడుకు, అల్లుడు, కూతురు, కోడలు, మనవరాలు నిలబడి చూస్తూ ఉన్నారు. ఆయన సీసాను సంచిలో పెట్టుకుని నిమ్మళంగా ముందుకు నడిచారు. మా ఇంట్లో నలభై ఏళ్ళుగా పంచెల వెనక ఉన్న వస్తువు అది.

సాయంత్రానికి అక్క పెట్టె గదికి రాలేదు. భద్రతా సిబ్బంది గదిలో ఉందని కబురు వస్తే, తోడుగా నేనూ వెళ్ళాను. చీరల కోసం అక్క పెట్టుకున్న ఇస్త్రీపెట్టె ఓడలో నిషిద్ధం. చివరి రోజు ఇస్తామని చెప్పి తీసి పక్కన పెట్టారు. ఆ గదిలో మా ముందు నిలబడ్డ కుర్రవాళ్ళు తెలుగు మాట్లాడుతున్నారు. పుక్కిలించే మందు సీసాలో ఆకుపచ్చ రంగు కలిపి వోడ్కా పోసి తెచ్చారు. అక్కడి ఉద్యోగి మూత తీసి వాసన చూసి, కోపగించకుండా, వాళ్ళ ముందే తొట్టిలో పారబోశాడు. కొన్ని సంస్థలు ఇలా దొరికిన మందును చివరి రోజు తిరిగి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. మరీ ఎక్కువ దొరికితే ఓడ ఎక్కనివ్వకుండా ఆపే అధికారం కూడా వారికి ఉంటుంది. వాళ్ళు చేసినది ఘోరమని నేను అనను. ఖర్చు తగ్గించుకోవాలనుకున్నారు. కానీ సెలవు గడపడానికి వచ్చి, మొదటి సాయంత్రమే తల దించుకుని ఆ గదిలో నిలబడడం నాకు బాధగా అనిపించింది.

ఆ ఖర్చు మాట కూడా చెప్పాలి. ఓడలో ఒక కాక్‌టెయిల్ పది డాలర్లకు పైనే ఉంటుంది, దాని మీద సేవా రుసుము కలుస్తుంది. గది తాళంగా పనిచేసే కార్డునే గీకుతారు కాబట్టి, చేతి నుంచి డబ్బు వెళ్ళినట్టు తెలియదు. టికెట్టు అంత చవకగా దొరకడానికి కారణం ఇదే. కార్నివాల్ కార్పొరేషన్ ఆదాయంలో దాదాపు మూడో వంతు, టికెట్టు మీద గాక ప్రయాణికులు ఓడ ఎక్కాక పెట్టే ఖర్చుల మీదే వస్తుంది. అందులో బారుకు పెద్ద భాగం ఉంటుంది. బయటి మందును ఆపడంలో వ్యాపారం ఉందని అందరికీ తెలుసు. అయితే అది ఒక్కటే కారణమని నేను అనుకోను. నడిసముద్రంలో వేలమంది ఉన్న చోట, ఎవరు ఎంత తాగారో బారు సిబ్బందికి తెలిస్తే, అతిగా తాగిన వారికి పోయడం ఆపగలరు. గదిలో దాచిన సీసాకు అటువంటి లెక్క ఉండదు. అమెరికాలో 2010లో వచ్చిన ఓడల భద్రతా చట్టం ఓడ కటకటాలు కనీసం 42 అంగుళాల ఎత్తు ఉండాలని నిర్దేశించింది. ఆ కటకటం దగ్గర నిలబడి కింద నల్లటి నీళ్ళను చూసిన రాత్రి, ఈ నియమాల మీద నాకు గౌరవం పెరిగింది.

గదిలోనే తాగితే తెచ్చుకున్న వైనుకు రుసుము ఏమీ లేదు. భోజనశాలకు తీసుకువెళ్ళి వారి చేత తెరిపించి, వారి గ్లాసుల్లో పోయించుకుంటే సీసాకు 15 డాలర్ల కార్కేజీ. మొదటి సీసాను మేము బాల్కనీలో తెరిచాము. మూత తీసినది నాన్న. తనకు, బావకు, కాస్త తటపటాయించి నాకు పోశారు. అక్క, నా భార్య తమ గ్లాసులు తామే తెచ్చుకుని అందులో చేరారు; నాన్న ఒక క్షణం వాళ్ళ వైపు చూసి, వాళ్ళకు కూడా పోశారు. అమ్మ కొబ్బరినీళ్ళ డబ్బా తెరుచుకుని కూతురి పక్కన కూర్చుంది. మాటలు యానాం బస్సుల దగ్గర మొదలై, తాతగారి అప్పుల దాకా, ఆ అప్పులు తీర్చడానికి నాన్న సాయంత్రాలు ట్యూషన్లు చెప్పిన రోజుల దాకా వెళ్ళాయి. ఆ పెగ్గు అలవాటైంది ఆ రోజుల్లోనేనని అప్పుడు తెలిసింది. అమ్మకు కూడా ఆ సంగతి పూర్తిగా తెలియదట. "నాకెప్పుడూ చెప్పలేదేం?" అని ఆమె అడిగితే, "నువ్వు వంటింట్లో ఉండేదానివి, నేను పెరట్లో ఉండేవాణ్ణి" అన్నారు ఆయన.

కొజుమెల్‌లో రేవు దాటగానే టెకీలా దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. ఒక దుకాణం ముందు పెంచిన మొక్కను చూసి నాన్న ఆగిపోయారు. "ఇది మన కిత్తనార కాదూ?" అన్నారు. అదే జాతి, మన వైపు పొలం గట్ల మీద కంచెగా పెరిగి, తాళ్ళు పేనడానికి నారనిచ్చే మొక్కకు ఇది దగ్గరి చుట్టం. టెకీలా తీసేది నీలి అగావే అనే రకం నుంచి. పంటకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ముళ్ళ ఆకులు నరికేసి, మధ్యన ఉండే దుంపలాంటి మొదలును ఉడికించి, రసం పిండి, పులియబెట్టి, బట్టీ పెడతారు. హలిస్కో రాష్ట్రంలోనూ, మరి నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల్లోనూ తయారైన దానికి మాత్రమే ఆ పేరు పెట్టుకునే హక్కు ఉంది. ఈ రక్షణ 1974లో వచ్చింది. నూటికి నూరు శాతం అగావే అని సీసా మీద రాసి ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే వేరే చక్కెరలు కలిసినదని అర్థం. పీపాలో రెండు నెలల నుంచి ఏడాది లోపు ఉంచినది రెపోసాదో, ఏడాది దాటినది అన్యేహో. నాన్న రుచి చూసి, రెపోసాదో సీసా ఒకటి తన డబ్బుతో కొన్నారు.

ఓడలోకి తిరిగి ఎక్కేటప్పుడు ఆ సీసా మళ్ళీ తనిఖీకి వచ్చింది. రేవుల్లో కొన్న మద్యాన్ని సిబ్బంది తీసుకుని, గది నంబరుతో చీటీ కట్టి, రసీదు ఇస్తారు. ప్రయాణం ముగిసే ముందు గానీ తిరిగి ఇవ్వరు. నాన్న రసీదును మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నారు. చివరి రాత్రి సీసా గదికి వచ్చింది.

గాల్వెస్టన్‌లో దిగాక రెండు చోట్ల ఆగాలి. ఒకటి సుంకం అధికారుల దగ్గర. 21 ఏళ్ళు నిండినవారు ఒక లీటరు దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. రెండోది చాలామందికి తెలియనిది: టెక్సస్ మద్యపాన నియంత్రణ కమిషన్ వారి బల్ల. రాష్ట్రంలోకి తెచ్చే ప్రతి మద్యం సీసా మీదా అక్కడ రాష్ట్ర పన్ను, రుసుము కట్టాలి. మొత్తం కొద్ది డాలర్లే. వరుసలో నిలబడ్డప్పుడు, నాన్నకు బదులు నేను మాట్లాడదామని ముందుకు జరిగాను. ఆయన నన్ను చేత్తో పక్కకు జరిపి, సీసాను బల్ల మీద పెట్టి, "ఒకటే సీసా, నాది" అని తన ఇంగ్లీషులో తానే స్పష్టంగా చెప్పి, పన్ను కట్టి రసీదు తీసుకున్నారు. వెనక నుంచి అమ్మ సీసాను సంచిలో సరిగ్గా పెట్టుకోమని, దారిలో పగిలిపోగలదని హెచ్చరించింది. తరవాత అందరం కార్ల దగ్గరకు వెళ్ళి, హ్యూస్టన్‌లో అక్కావాళ్ళ ఇంట భోజనం చేసి డాలస్ బయలుదేరాము.