కొండపర్తిలో కొండపర్తి వాళ్లు లేరు

పెళ్లికి ముందు ఐనవోలు మల్లన్నకు, మా నోట ఐలోని మల్లన్నకు, పట్నం అనే రంగుల ముగ్గు వేయించడం మా ఇంటి ఆనవాయితీ. మేము ఉండేది కరీంనగర్‌లో. వేములవాడ రాజన్న పక్కనే ఉన్నాడు, కొమురవెల్లి మల్లన్నా దూరమేమీ కాదు. అయినా తాతల నాటి నుంచి మా మొక్కులన్నీ వరంగల్ దాటి ఐనవోలుకే. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. తమ్ముడికి సంబంధం కుదిరినప్పుడు వియ్యాలవారు మా ఇంటిపేరు పట్టుకుని "కొండపర్తి వారంటే కొండ మీద పత్తి పండించేవాళ్లా?" అని వేళాకోళమాడారు. ఐనవోలు దగ్గర ఆ పేరుతో ఒక ఊరుందని మాకు తెలుసు. ఎన్ని జాతరలకు వచ్చినా బండి మాత్రం అటు తిరగలేదు. ఈసారి తిప్పాలనుకున్నాను.

సంక్రాంతికి మొదలయ్యే జాతర ఉగాది దాకా సాగుతుంది. మేము వెళ్లింది ఆదివారం కాబట్టి బోనాల వరుస కాకతీయుల తోరణం దాటి బయటి దాకా ఉంది. శివసత్తులు పూనకంతో ఊగుతున్నారు. గాలిలో ఎగిరిన పసుపు బండారి తెల్లచొక్కాల్ని వదల్లేదు. లోపల మల్లన్నకు ఇరుపక్కలా బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారి పసుపు, కుంకుమ, బియ్యప్పిండి వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ పట్నం వేశాడు. గీత ఎక్కడా వంకర పోలేదు. డోలు మోగుతుంటే ఇంటిపేరు, గోత్రం అడిగాడు. బాపు చెప్పాడు. పూజారి తలెత్తి, "ఇంటికే వచ్చారు పోండి" అని నవ్వాడు.

అయ్యనదేవుడనే మంత్రి ఈ గుడి కట్టించాడని, ఆయన పేరుతో వెలసిన అయ్యనవోలే నోళ్లలో నలిగి ఐనవోలు, ఐలోని అయిందని చెబుతారు. ఇక్కడ మనిషి పేరు ఊరికి వచ్చింది. మాకేమో ఊరి పేరు మనుషులకు వచ్చింది.

కొండపర్తి అదే మండలం. ఊళ్లో కాకతీయుల నాటి శివాలయం ఉంది. దాన్ని కట్టించింది గణపతిదేవుడి సేనాని మల్యాల చౌండుడు. అక్కడి శాసనం 1203 నాటిది. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఉన్న దివిసీమను కొల్లగొట్టినందుకు ఆయనకు ద్వీపలుంఠాకుడనే బిరుదు ఉండేది. దీవిని దోచినవాడని అర్థం. ఇప్పుడైతే కేసు పెడతారు, అప్పుడు బిరుదిచ్చారు. మల్యాల కూడా నాకు ఊరి పేరులాగే వినిపించింది. కొండగట్టు అంజన్న ఉన్న మండలం పేరు అదే మరి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి సేనానికీ ఇంటిపేరు కావలసి వచ్చిందన్నమాట.

గుడి దగ్గర కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాను. "తాతా, ఊళ్లో కొండపర్తి ఇంటిపేరు వాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"మా ఎరుకలో ఒక్క ఇల్లు కూడా లేదు బిడ్డా. ఊళ్లో ఉన్నవాణ్ణి ఊరి పేరుతో ఎవరు పిలుస్తారు? పోయినవాణ్ణి పిలుస్తారు."

ఇంత చిన్న సంగతి నాకెన్నడూ తట్టలేదు. ఎవరో ఇక్కడి నుంచి వెళ్లి మరో ఊళ్లో దిగి ఉంటారు. అక్కడివాళ్లు "కొండపర్తి నుంచి వచ్చినాయన" అని ఉంటారు. పిల్లల నాటికి అది కొండపర్తి వారు అయి ఉంటుంది. మా ఇంటిపేరే ఉండి, మా కులం, గోత్రం కానివాళ్లు కరీంనగర్‌లో ఎదురైనప్పుడు ఇదేమి చిత్రమని అనుకునేవాణ్ణి. ఊరు విడిచింది మా వాళ్లొక్కరే కాదు కదా. కొండ, పత్తి కథ వియ్యాలవారికే వదిలేశాను. వనపర్తి, కనపర్తి, పుట్టపర్తి అని ఇన్ని ఊళ్లుంటే అన్నిచోట్లా పత్తి గురించే పేరు పెట్టారని నమ్మబుద్ధి కాలేదు.

కరువుకు వెళ్లారో, పన్ను కట్టలేక వెళ్లారో, అన్నదమ్ముల తగవుతో వెళ్లారో. తాతా, ఆయన పక్కన చేరిన మరో ఇద్దరూ తలా ఒక కారణం చెప్పారు. ఇంటిపేరొక్కటే అయితే నేనూ అంతగా పట్టించుకోకపోదును. ఊళ్ల పేర్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. కానీ దగ్గరి దేవుళ్లను దాటుకుంటూ, బండ్లు కట్టుకుని, బియ్యం మూట కట్టుకుని ఇంత దూరం వచ్చిన మా నాయనమ్మలు, తాతలు ఊరు మరచి కూడా ఇలవేల్పును మార్చుకోలేదు. నాకు ఆ సాక్ష్యం చాలు.

బాపు శివుడికి కొబ్బరికాయ కొట్టి, బయటికి వచ్చి పెద్దబాపుకు ఫోను చేశాడు. ఆయనకు ఇదంతా వినే ఓపిక లేదు. "పట్నం బాగా జరిగిందా? బండారి తెస్తున్నారా?" అని అడిగి పెట్టేశాడు.