పోలో పంచాయితీ, టైర్ల లెక్క

ఆదివారం.

పొద్దున విజయవాడ ఆటోనగర్‌లో అలైన్‌మెంట్ షెడ్డు ముందు మళ్లీ పోలో పంచాయితీ, ఫోక్స్‌వాగన్ పోలో కార్లలో ఏది మేలని. పాత జీటీ, అంటే 1.2 టీఎస్‌ఐ (టర్బో పెట్రోలు) ఇంజన్, డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) వాళ్లు ఒక జట్టు. 2020లో వచ్చిన 1.0 టీఎస్‌ఐ మాన్యువల్ వాళ్లు ఇంకో జట్టు. "అన్నా, 250 న్యూటన్ మీటర్ల టార్కు ముందు మీ పెట్రోలు బండ్లు ఏం లాగుతాయి?" అంటూ జీటీ టీడీఐ, అంటే డీజిల్ బండి కుర్రాడు ఇద్దరినీ గిల్లుతున్నాడు.

పెట్రోలు బండ్లు రెంటికీ టార్కు (ఇంజన్ తిప్పే బలం) ఒకటే, 175. పవరు 105, 110 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). మంగళగిరి దాకా వెళ్లొస్తే ఒంటికి తెలిసేంత తేడా కాదది. మరి ఒకటి చురుగ్గా, ఇంకోటి బద్ధకంగా ఎందుకుంది? చక్రాల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. ఒకదానికి 185/60 ఆర్15 టైర్లు (వెడల్పు మిల్లీమీటర్లలో, అందులో పక్కగోడ ఎత్తు శాతంలో, రిమ్ము అంగుళాల్లో), రెండోదానికి బయట వేయించిన 195/55 ఆర్16. చక్రం వ్యాసం 603 మిల్లీమీటర్ల నుంచి 621కి పెరిగింది, దాదాపు 3 శాతం. అంటే ప్రతి గేరులోనూ లాగుడు 3 శాతం తగ్గినట్టే. స్పీడోమీటరు, ఓడోమీటరు కూడా మునుపటి కంటే 3 శాతం తక్కువ చూపిస్తాయి. మైలేజీ పడిపోయిందనే ఫిర్యాదులో కొంత ఈ లెక్కే. 16 అంగుళాలే కావాలంటే 205/50 వేస్తే తేడా 1.4 శాతం దగ్గర ఆగుతుంది.

ఇంకోటి, అల్లాయ్‌లు. పోలో హబ్ (చక్రం కూర్చునే మధ్య భాగం) వ్యాసం 57.1 మిల్లీమీటర్లు. బయటి అల్లాయ్‌ల మధ్య రంధ్రం తరచూ అంతకంటే పెద్దది. ఆ ఖాళీ పూడ్చే సెంటర్ రింగు లేకుండా బిగిస్తే చక్రం సరిగ్గా మధ్యకు రాదు. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా 90 దగ్గర స్టీరింగ్ వణుకుతూనే ఉంటుంది. బోల్టులు ఎదురెదురు వరసలో, టార్కు రెంచితో 120 న్యూటన్ మీటర్లకు బిగించాలి. గాలి గన్నుతో గుద్ది వదిలేయకూడదు.

గాలి ఎప్పుడు పట్టించారన్నదీ ముఖ్యమే. ఈ ఎండల్లో గుంటూరు నుంచి వచ్చీ రాగానే కొలిస్తే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుందని తీసేస్తే తెల్లారేసరికి తక్కువవుతుంది, మలుపులో బండి ముక్కు బయటికి జారుతుంది. తప్పు సస్పెన్షన్ మీదికి పోతుంది! బండి తీయకముందు, చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర కూడా చూడాలి. 2319 అంటే 2019లో 23వ వారం. అంత పాత, గట్టిపడిన రబ్బరు మీద హ్యాండ్లింగ్ గురించి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

డీఎస్‌జీ మీద ఫిర్యాదుల్లో చాలావరకు బెంజ్ సర్కిల్ లాంటి ట్రాఫిక్ చోట్ల పుట్టేవే. ఏడు గేర్ల డీక్యూ200 అనే ఈ డీఎస్‌జీ గేర్‌బాక్స్‌లో రెండు క్లచ్‌లూ పొడివి, ఆయిల్‌లో ఉండవు. బ్రేకు సగం వదిలి అంగుళం అంగుళం జరుపుతుంటే రాపిడికి కాగిపోతాయి. ముందు బండికి ఒక కారు పొడవు జాగా వదిలి, ఒకేసారి కదిలి, బ్రేకు పూర్తిగా తొక్కి ఆగాలి. అప్పుడు క్లచ్ విడిపోయి ఉంటుంది. 1 నుంచి 2కి మారేటప్పుడు వణుకు మొదలైతే వాయిదా వేయకుండా కంప్యూటర్ స్కాన్ చేయించాలి.

ఇవన్నీ సరిచేశాక నా ఓటు 1.0 మాన్యువల్‌కే. ఆరు గేర్లు, తేలికైన ముక్కు. కనకదుర్గ ఫ్లైఓవర్ వంపులో స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే తిరుగుతుంది. అయితే 1,700 ఆర్‌పీఎం కింద అందులో ఏమీ లేదు. ఆరో గేరులో 60 దగ్గర యాక్సిలరేటర్ నేలకి తొక్కితే ఇంజన్‌కే చేటు, నాలుగుకి దించాల్సిందే. నాలుగు సిలిండర్ల 1.2కి ఉన్న నునుపు కూడా దీనికి రాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

టీడీఐ కుర్రాడిది హైదరాబాద్ రోడ్డు మీద నిజమే. లారీ దాటడానికి గేరు దించే పనే ఉండదు. కానీ ముందు భాగం బరువు. వంపులో అది దాగదు.