కడప దారులకు తగిన క్యామ్‌షాఫ్ట్ ఏది?

నా పాత ఫియట్ పాలియో 1.6 కారుకు టైమింగ్ బెల్టు మార్చే గడువు దగ్గరపడింది. బెల్టు విప్పిన తరువాత క్యామ్‌షాఫ్ట్‌లు (సిలిండర్లలోకి గాలి వచ్చే, పొగ పోయే దారుల్లోని వాల్వులను తెరిచే ఇరుసులు) రెండూ ఎలాగూ చేతికందుతాయి కనుక, వాటి స్థానంలో కొంచెం చురుకైనవి వేయిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన చాలా కాలంగా మనసులో ఉంది. 2001లో మన దేశంలో విడుదలైన ఈ కారులో 16 వాల్వుల ఇంజను 100 హార్స్‌పవర్ వరకు ఇచ్చేది. చిన్న కారు ఒంట్లో ఉన్న స్పోర్ట్స్ కారుగానే దాన్ని చూసే మావంటి వారు ఇంకా కొందరున్నారు.

విదేశీ కేటలాగులు తెరిస్తే ఫాస్ట్ రోడ్, ర్యాలీ, రేస్ అనే పేర్లూ, ఒక్కొక్కదాని పక్కన ఊరించే హార్స్‌పవర్ అంకెలూ కనిపిస్తాయి. ఆ అంకెలు 6,500 లేదా 7,000 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర కొలిచినవి. నా ఇంజను అక్కడికి ఎన్నిసార్లు వెళుతుందన్నది నేను వేసుకోవలసిన మొదటి ప్రశ్న. ఏడు రోడ్ల కూడలి నుండి కోటిరెడ్డి సర్కిల్ దాకా వెళ్ళేటప్పుడు ముల్లు 2,500 దాటడం అరుదు. ప్రొద్దుటూరు దారిలో ఐదో గేరులో 3,000 అటూ ఇటూగా తిరుగుతుంది. రాయచోటికి వెళుతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు, ముందున్న లారీని మలుపు దాటాక దాటవలసి వచ్చినప్పుడు, రెండో గేరులోనో మూడో గేరులోనో 2,500 నుండి 4,500 వరకు ఇంజను ఎంత బలంగా లాగుతుందన్నదే ముఖ్యం. 6,500 దగ్గర ఎంత శక్తి ఉన్నా ఆ ఘాట్‌లో అక్కరకు రాదు.

క్యామ్‌షాఫ్ట్ మార్చడం వల్ల ఇంజనులోకి కొత్త శక్తి ఎక్కడి నుంచో ఊడిపడదు. గాలి సిలిండరును బాగా నింపే వేగం పైకో కిందికో జరుగుతుంది, అంతే. ఇందులో కీలకం డ్యూరేషన్, అంటే వాల్వు తెరిచి ఉండే కాలం. దీన్ని పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, తిరిగే డిగ్రీలలో కొలుస్తారు. క్యామ్‌షాఫ్ట్ దానిలో సగం వేగంతోనే తిరుగుతుంది. ఇక్కడ కొనేవారు తప్పక గమనించవలసిన చిక్కు ఒకటుంది. ఒక తయారీదారు వాల్వు కదలడం మొదలైన క్షణం నుండే లెక్కపెట్టి 270 డిగ్రీలని రాస్తాడు. మరొకడు వాల్వు 1 మిల్లీమీటరు లేచిన తరువాత లెక్కపెట్టి అదే క్యామ్‌ను దానికన్నా చాలా తక్కువ అంకెతో చూపిస్తాడు. కొలత పద్ధతి ఏదో తెలియకుండా రెండు కేటలాగులను పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా.

అంకెలతో చూస్తే విషయం తేటపడుతుంది. గాలి వచ్చే ఇన్‌టేక్ వాల్వుకూ, పొగ పోయే ఎగ్జాస్ట్ వాల్వుకూ 240 డిగ్రీల డ్యూరేషన్, వాటిని నెట్టే లోబ్‌ల (క్యామ్ మీది ఉబ్బుల) మధ్య కోణం 110 డిగ్రీలు ఉన్న సాధారణ క్యామ్‌లను తీసుకుందాం. అప్పుడు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ 20 డిగ్రీలు. పిస్టన్ అడుగుకు చేరి పైకి మళ్ళిన తరువాత 50 డిగ్రీలకు ఇన్‌టేక్ వాల్వు మూసుకుంటుంది. కోణం మార్చకుండా డ్యూరేషన్‌ను 270కి పెంచితే ఓవర్‌ల్యాప్ 50 డిగ్రీలకు పెరుగుతుంది, ఇన్‌టేక్ వాల్వు 65 డిగ్రీలకు గాని మూసుకోదు. చాలామంది ఓవర్‌ల్యాప్ గురించే మాట్లాడతారు గాని, నా దృష్టిలో రోడ్డు మీద తిరిగే కారుకు ఈ ఇన్‌టేక్ మూసుకునే ఘడియే అసలైన లెక్క. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు లోపలికి దూసుకొచ్చే గాలికి సొంత ఊపు ఉంటుంది కాబట్టి, పిస్టన్ పైకి వస్తున్నా అది లోపలికి వస్తూనే ఉంటుంది. ఆలస్యంగా మూసుకోవడం అప్పుడు లాభమే. 2,000 ఆర్‌పీఎం దగ్గర ఆ ఊపు ఉండదు, పీల్చిన గాలిలో కొంత భాగాన్ని పిస్టనే వెనక్కి నెట్టేస్తుంది. పికప్ పోయిందని జనం చెప్పుకునేది దీన్నే.

పోయినదాన్ని రాబట్టడానికి సిలిండర్ల పైమూత అయిన హెడ్‌ను కొంత అరగదీయించి కంప్రెషన్ (గాలిని పిస్టన్ నొక్కే స్థాయి) పెంచుతారు. అయితే కంప్రెషన్ పెరిగితే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజను టకటకమనడం) భయం పెరుగుతుంది; మే నెలలో కడపలో కాలే ఎండకు ఇంజను పీల్చే గాలే వేడెక్కి ఉంటుంది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నాకింగ్‌ను తట్టుకుంటుందన్నది నిజమే గాని, అందులోని ఆక్సిజన్ వల్ల ప్రతి భాగం గాలికీ మునుపటికన్నా ఎక్కువ ఇంధనం అవసరమవుతుంది. మెల్లగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సారును చూసి ఇంజనును నడిపే కంప్యూటరు, అంటే ఈసీయూ, సర్దుకుంటుంది. యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కినప్పుడు ఆ కాలపు పాత ఈసీయూ తనలో ముందే రాసి ఉన్న పట్టికనే నమ్ముకుంటుంది, ఆ పట్టిక రాసిననాడు ఈ పెట్రోలు లేదు. కాబట్టి క్యామ్ మార్చినా మార్చకపోయినా, ఈసీయూ ట్యూనింగ్ ఖర్చును నేను ముందుగానే లెక్కలో వేసుకున్నాను.

ఓవర్‌ల్యాప్ సంగతి మా మేస్త్రీ ఒక్క మాటలో తేల్చేశాడు. "ఏసీ వద్దనుకుంటే చెప్పు సార్, యాది కావాలంటే అది ఏస్తా" అన్నాడు. అతని మాటలో సాంకేతికమైన సత్యం ఉంది. ఓవర్‌ల్యాప్ పెరిగేకొద్దీ ఐడ్లింగ్‌లో (కారు ఆగి ఇంజను ఊరికే తిరిగేటప్పుడు) మానిఫోల్డ్ వాక్యూమ్, అంటే గాలి గొట్టంలోని పీల్పు, పడిపోతుంది, కాలిన పొగ తిరిగి లోపలికి చేరుతుంది, ఇంజను ఊగుతుంది. దాని మీద ఏసీ కంప్రెసర్ భారం కూడా పడితే సిగ్నలు దగ్గర ఆగిపోయినా ఆశ్చర్యం లేదు. మానిఫోల్డ్ పీడనాన్ని బట్టి ఇంధనాన్ని లెక్కించే ఈసీయూ అయితే ఆ తగ్గిన వాక్యూమ్‌ను చూసి ఇంజను మీద భారం ఉందనుకుని ఎక్కువ పెట్రోలు పోస్తుంది. బ్రేక్ బూస్టర్ కూడా ఆ వాక్యూమ్ మీదే ఆధారపడుతుంది గనుక, ట్రాఫిక్‌లో వెంటవెంటనే బ్రేకు తొక్కితే పెడల్ బిగుసుకుపోవచ్చు. సిలిండరుకు నాలుగు వాల్వులున్న ఇలాంటి హెడ్‌లో ఇది మరింత త్వరగా తెలుస్తుంది, ఎందుకంటే వాల్వులు కొద్దిగా లేచినా అక్కడ దారి విశాలంగానే ఉంటుంది. సిలిండరుకు రెండు వాల్వులున్న ఇంజనుకు సరిపోయిన ఓవర్‌ల్యాప్ దీనికి ఎక్కువవుతుంది.

లిఫ్ట్, అంటే వాల్వు ఎంత ఎత్తు లేస్తుందన్న విషయంలో నాకంత పట్టింపు లేదు. వాల్వు తన వ్యాసంలో నాలుగో వంతు లేచేసరికి దాని చుట్టూ ఏర్పడే దారి, వాల్వు వైశాల్యంతో సమానమవుతుంది. 31 మిల్లీమీటర్ల వాల్వుకు అది 7.75 మిల్లీమీటర్లు. ఆపైన వాల్వు దగ్గరికి గాలిని తెచ్చే దారి, అంటే పోర్టే, అడ్డంకి. కొత్త లిఫ్ట్‌కు స్ప్రింగులు చుట్టకు చుట్ట తగలకుండా ఉంటాయో లేదో చూడాలి, పిల్లలు ఆడుకునే బంకమట్టిని పిస్టన్ మీద అద్ది చేత్తో ఇంజను తిప్పి వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఎడం కొలవాలి. పాత క్యామ్‌నే గ్రైండింగ్ చేయించుకోవడం చవక గాని, అది మామూలు లేత్ షాపులో అయ్యే పని కాదు. మాస్టర్ క్యామ్ (ఆకారానికి మూస) ఉన్న ప్రత్యేక గ్రైండింగ్ యంత్రం కావాలి. గట్టిపడిన పైపొర అరిగిపోతే లోబ్ ఎంతోకాలం నిలవదు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 15 ఏళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకునేటప్పుడు తనిఖీ ఉంటుంది. పొల్యూషన్ పరీక్షలో ఐడ్లింగ్‌లోనే పొగను కొలుస్తారు, ఓవర్‌ల్యాప్ పెద్దదైతే కాలని హైడ్రోకార్బన్లు అక్కడే బయటపడతాయి. పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడిగి తెలుసుకోవడం మేలు.

ఇవన్నీ చూసుకున్నాక కేటలాగులో అన్నిటికన్నా చిన్నదైన క్యామ్ జతనే ఎంచుకున్నాను: సుమారు 250 డిగ్రీల డ్యూరేషన్, 110 డిగ్రీల కోణం, అంటే 30 డిగ్రీల ఓవర్‌ల్యాప్. దానితోపాటు సర్దుకోగల పుల్లీలు తెప్పిస్తున్నాను; కోణాన్నీ కదలికనూ కొలిచే డిగ్రీ చక్రం, డయల్ గేజ్ పెట్టి ఇన్‌టేక్ క్యామ్‌ను రెండు మూడు డిగ్రీలు ముందుకు జరిపితే వాల్వు ఆ మేరకు ముందే మూసుకుని, కింది వేగాల్లో పోయే లాగుడు చాలావరకు తిరిగి దక్కుతుంది. పైన వచ్చే లాభం కొద్దిపాటిదే అని తెలుసు. ట్యూనింగ్ మాత్రం వేసవిలోనే, ఏసీ నడుస్తుండగానే చేయించాలన్నది నా పట్టుదల. డిసెంబరు చలిలో నాకింగ్ లేకుండా కుదిర్చిన ఇగ్నిషన్ టైమింగ్, మే నెల మధ్యాహ్నం నలుగురు మనుషులతో గువ్వలచెరువు ఎక్కేటప్పుడు నిలవదు.