సీవీలో ఆ పది నెలలు

మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులో ఉండే పెద్దావిడ ఒక చిన్న కంపెనీ సిబ్బంది విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. జర్మనీలో, స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల కార్ల విడిభాగాల కంపెనీలు మనుషులను తగ్గించుకుంటున్న ఈ రోజుల్లో నేనూ కొత్త ఉద్యోగం వెతుక్కుంటున్నానని మెట్ల మీద మాటల్లో తెలిసి, నేను అడగకుండానే సీవీ తెచ్చి చూపించమన్నారు. రెండు పేజీలూ పెన్సిలు పట్టుకుని చదివారు. నా ప్రాజెక్టుల గురించి గానీ, నా జర్మన్ భాష ఇంకా బీ1 అనే మధ్య స్థాయి దగ్గరే ఆగిపోవడం గురించి గానీ ఒక్క మాట అనలేదు. చెన్నై ఉద్యోగానికీ హైదరాబాదు ఉద్యోగానికీ మధ్య చిన్న గీత గీసి, "ఇక్కడ ఏం చేశారు?" అని అడిగారు.

నేను రాసింది 2013–2017, 2018–2021 అని. మన వైపు ఇలా సంవత్సరాలు వేసి ఊరుకోవడం సర్వసాధారణం. నెలలు ఎవరికి కావాలి? ఇక్కడ మాత్రం ప్రతి ఉద్యోగానికీ, ప్రతి చదువుకీ చేరిన నెల, మానేసిన నెల ఉండాలి. తాజాది పైన, పాతది కింద వరుసగా పట్టికలా సాగాలి, ఆ పట్టికలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు. ఒట్టి సంవత్సరాలు కనబడగానే ఇక్కడి వాళ్లు అక్కడేదో దాచారని అనుకుంటారట. చెన్నైలో 2017 ఆగస్టులో మానేశాను, హైదరాబాదులో 2018 జులైలో చేరాను. నడుమ పది నెలలు కాకినాడలో ఉన్నాను. నాన్నకు పక్షవాతం వచ్చింది.

అది విని ఆవిడ, "మరి రాయరేం?" అని ఆశ్చర్యపోయారు. ఆ ప్రశ్నకు నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఆ తర్వాత చాలా రోజులు మనసులో దానికి జవాబులు చెప్పుకుంటూనే ఉన్నాను.

సీవీ విషయంలో మిగతా సర్దుబాట్లు నన్ను పెద్దగా బాధించలేదు. ఫొటో అతికించడం ఇక్కడ పాత అలవాటు. 2006లో వివక్ష నిరోధక చట్టం వచ్చిన తర్వాత ఫొటో తప్పనిసరి అనే హక్కు కంపెనీలకు పోయింది గానీ, ఉద్యోగం ఫొటోల కోసం స్టూడియోకు వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. మన బయోడేటా చివర ఊరు, తేదీ, సంతకం ఉంటాయని అమెరికా మిత్రులు నవ్వుతారు. అదే ఊరు, తేదీ, సంతకం జర్మన్లు కూడా పెడుతూ వచ్చారని తెలిసి నాకు కొంత ఊరటగానే అనిపించింది. మార్కుల లెక్క తిరగబడి ఉంటుంది, ఒకటి అన్నింటికన్నా గొప్ప, నాలుగు వస్తే గట్టెక్కినట్టు. నలభై పాసు మార్కుగా లెక్క కడితే 78 శాతం ఇక్కడ 2.1 అవుతుంది. ఇవన్నీ ఒక పూటలో సరిచేసుకునే సంగతులు. నాన్న జబ్బును రెండు ఉద్యోగాల నడుమ ఒక వరుసగా రాయడం మాత్రం ఆ కోవలోకి రాలేదు.

మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో ఎంత పెద్ద కష్టం వచ్చినా ఆయన సెలవు చీటీలో "సొంత పనుల మీద" అన్న మాట తప్ప ఇంకో కారణం ఉండేది కాదు. హెడ్మాస్టరుకు సంగతి తెలుసు, వీధిలో అందరికీ తెలుసు, కాబట్టి కాగితం మీద ఉండనవసరం లేదు. హైదరాబాదులో నన్ను ఇంటర్వ్యూ చేసినాయన కూడా "మధ్యలో గ్యాప్ ఉందే" అన్నారు, నేను "ఇంటి పరిస్థితులండీ" అన్నాను, ఆయన తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. అడగకుండా వదిలేయడమే అక్కడ మర్యాద. నాన్నను పొద్దున్నే లేపి కూర్చోబెట్టడం, చచ్చుబడిన చేతి వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి మళ్లీ ముడవడం, ఆయన అన్నం ముద్ద ఎడమ చేత్తో తినడానికి సిగ్గుపడి ముఖం తిప్పుకుంటే చూడనట్టు అవతలికి వెళ్లడం, ఇవి చేసి నేనేదో అర్హత సంపాదించానని కంపెనీకి చెప్పుకోవడం, కన్నవాళ్లకు చేసినదానికి బిల్లు వేసినట్టు తోచింది.

ఈ మాటలే కాస్త మెత్తగా ఆవిడతో అన్నాను. మనసులో ఇంకో మాట కూడా ఉంది, పైకి అనలేదు: మీ దేశంలో ముసలివాళ్లను సంరక్షణ గృహాల్లో పెడతారు గనుక, చూసుకున్నవాడు చెప్పుకోవలసినంత ఘనకార్యమైపోయింది అని. ఆవిడ చెప్పిన సంగతి విన్న తర్వాత ఆ మాట అనకపోవడమే మంచిదైంది. ముసలితనంలోనో జబ్బులోనో ఒకరి సాయం అవసరమైనవాళ్ల కోసం ఇక్కడ 1995 నుంచి సంరక్షణ బీమా ఉంది. 2008లో వచ్చిన చట్టం ప్రకారం, పదిహేను మందికి మించి పనిచేసే సంస్థల్లో, దగ్గరి బంధువును ఇంట్లో చూసుకోవడానికి ఆరు నెలల వరకు సెలవు తీసుకోవచ్చు. జీతం రాదు, ఉద్యోగం మాత్రం పోదు. అత్తమామలు కూడా ఆ దగ్గరి బంధువుల్లోకే వస్తారు. ఆవిడ తన తల్లి కోసం పని గంటలు తగ్గించుకున్నారట, వాళ్ల కార్యాలయంలో ఇంకొందరూ అలాగే చేశారట. కాబట్టి అదీ పని కిందే లెక్క, దానికీ మొదలు, చివర నెలలు ఉంటాయి, రాయడంలో నామోషీ ఏముంది అని ఆవిడ వాదం.

తల్లిదండ్రుల సేవ గురించి మనం మాట్లాడినంతగా వీళ్లు మాట్లాడరు. అయినా చెన్నైలో నేను సెలవు అడిగినప్పుడు నా మేనేజరు నాలుగు మంచి మాటలు చెప్పి, నాన్నగారిని జాగ్రత్తగా చూసుకోమని దీవించి, రాజీనామా తీసుకున్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు, ఇవ్వడానికి ఆయన చేతిలో అంత సెలవు లేదు. ఈ పోలిక నాకు నచ్చదు. జర్మన్లలో కొందరు ఆ ఆరు నెలల కాలమూ పక్కింటివారికి కూడా తెలియకుండా ఒంటరిగా గడుపుతారని, మా ఇంట్లో మాత్రం మేనత్తలు వంతులు వేసుకుని వచ్చి వంట చేశారని, దానికి ఏ చట్టమూ అక్కర్లేకపోయిందని నాకు నేను గుర్తు చేసుకుంటాను. కానీ మేనత్తలు నా ఉద్యోగాన్ని నిలబెట్టలేకపోయారు.

చివరికి ఆవిడ చెప్పినట్టే రాశాను: "09/2017 – 06/2018: తండ్రి సంరక్షణ, కాకినాడ". జర్మన్‌లో అది ఒకే వరుస. కింద వివరం గానీ, ఓర్పు, సమయపాలన లాంటి గుణాలు నేర్చుకున్నానన్న గొప్పలు గానీ చేర్చలేదు. అలాంటివి చేర్చమని సలహా ఇచ్చే మిత్రులున్నారు, ఆ ఒక్కటి మాత్రం నా వల్ల కాలేదు. మొన్న ఒక ఇంటర్వ్యూలో ఇద్దరు కూర్చున్నారు. ఆ వరుస దగ్గర ఒకాయన ఆగి, "ఇప్పుడు ఎలా ఉన్నారు?" అన్నాడు. కర్ర సాయంతో నడుస్తున్నారని చెప్పాను. "సంతోషం" అని, వెంటనే అల్యూమినియం పోత భాగాల్లో కొలతల తేడాల గురించి అడగడం మొదలుపెట్టాడు.

హైదరాబాదు కంపెనీలకు పంపే సీవీ వేరే ఫైలుగా ఉంచాను. అందులో సంవత్సరాలు మాత్రమే ఉన్నాయి.