చిన్న షెడ్డుకూ చోటుండాలి

"మినహాయింపులు పేర్చుకుంటూ పోతే దాన్ని ఆర్కిటెక్చర్ అనరు" అని మొన్న స్టుట్‌గార్ట్‌లో జరిగిన సమీక్షలో పై అధికారి ఒకరు అందరి ముందే నన్ను మందలించారు. కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలు ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకునే వ్యవస్థకు రూపకల్పన చేయడం నా ఉద్యోగం. ఒక కంపెనీ కంప్యూటర్ నుంచి ఇంకో కంపెనీకి సమాచారం చేరవేసే కనెక్టర్ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా నడుపుకోలేని, లోహాన్ని సాగగొట్టి భాగాలు చేసే చిన్న ఫోర్జింగ్ షాపు అవే వివరాలను వెబ్ ఫారంలో నింపి పంపినా చాలునని నేను రాయడం ఆయనకు నచ్చలేదు.

ఇక్కడి పద్ధతి మీద నాకు గౌరవముంది. 2021లో మొదలైన కటేనా-ఎక్స్ అనే కార్ల పరిశ్రమ సమాచార నెట్‌వర్క్‌లో ఎవరి సమాచారం వారి దగ్గరే ఉంటుంది. దేనికి వాడుకోవచ్చో షరతు కుదిరాకే, అడిగినవారికి అది నేరుగా చేరుతుంది. ధరలూ కిటుకులూ పోటీదారు చేతిలో పడతాయన్న భయం లేకుండా కలిసి పనిచేయడానికి ఇంతకన్నా మర్యాదైన దారి నాకు తెలియదు. కానీ కనెక్టర్‌ను నిలబెట్టి, సర్టిఫికెట్లను గడువులోగా మార్చుకుంటూ చూసుకోవడానికి ఒక మనిషి కావాలి, ఇరవై మంది పనిచేసే షాపులో ఆ మనిషి ఉండడు.

నేను సిరిసిల్లలో ఆసామి ఇంట్లో, అంటే సేటు ఇచ్చిన నూలును తన మగ్గాల మీద నేయించే ఇంట్లో, పెరిగాను. నూలు సేటుది, అద్దకం ఒకరిది, పడుగు పోసే వార్పిన్ ఇంకొకరిది, మగ్గాలు మావి. పడుగు చుట్టిన భీము షెడ్డుకు రాగానే బాపు అడిగేవి రెండే: పోగులెన్ని, మీటర్లెన్ని. లెక్క కుదిరితే వైపని వాళ్లు కూర్చుని పాత పోగుకు కొత్త పోగు అతికేవారు. వార్పిన్ ఆయన తన లెక్కలు నోటుబుక్కులో రాసుకున్నాడా, కంప్యూటర్‌లోనా అని ఎవరూ అడగలేదు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పుడు, తెల్లగుడ్డ నేసిన మగ్గాలకే డిజైను నేసే డాబీలు బిగించి ఊరు చీరలకు మళ్లింది. మనవాళ్లకు పద్ధతి లేదని ఇక్కడ ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది. అప్పగింత దగ్గర నియమం కచ్చితంగా ఉండడం, లోపల ఎవరి వీలు వారికి ఉండడం అక్కడ ఏ పత్రమూ లేకుండానే నడిచింది. నేను ఫారం అడిగిందీ అందుకే: పంపే వివరాల్లో ఒక్క గడి కూడా తగ్గించమనలేదు.

యూరప్‌లో 2024 జూలైలో అమల్లోకి వచ్చిన ఎకోడిజైన్ నియమావళి ముందుగా తీసుకోబోయే వస్తువుల్లో వస్త్రాలూ ఉన్నాయి, వాటికీ వస్తువు వివరాలన్నీ చెప్పే డిజిటల్ పాస్‌పోర్ట్ రానుంది. ఆ రోజు మన ఆసామిని సర్వర్ పెట్టుకోమంటారా, ఫోన్‌లో వివరాలు నింపితే చాలంటారా అన్నది ఇప్పుడు మేము విడిభాగాలకు ఏ అలవాటు చేస్తామన్న దాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.