ముందు మెత్తన, వెనక గట్టి: నా పల్సర్ షాకప్‌లు సెట్ చేసుకున్న కథ

రొయ్యల చెరువుల్లో నీళ్ళు టెస్ట్ చేసే పని నాది. ఉండేది భీమవరం, తిరిగేదంతా ఉండి, కాళ్ళ, మొగల్తూరు అనే ఊళ్ళ వైపు. బండి 2016 మోడల్ పల్సర్ 150, వెనక క్యారియర్‌కి శాంపిల్ బాటిళ్ళ పెట్టె. నా బరువు 86 కిలోలు, పెట్టె, బ్యాగు కలిపితే వంద దగ్గరికి పోతుంది. ఈ లెక్క తర్వాత అవసరం పడుతుంది.

మా డెల్టాలో బాధ గుంతలతో కాదండీ, గుంతలు ఎక్కడైనా ఉంటాయి. ఇక్కడ కింద నల్లరేగడి, వానకి ఉబ్బుతుంది ఎండకి బీటలిస్తుంది, దాంతో పైన తారు అలలు అలలుగా అయిపోతుంది, దానికితోడు చేపల లారీల్లోంచి కారే నీళ్ళకి తారు లేచిపోతుంది. ఇంక తూములు. తూము ఎక్కడిదక్కడే ఉంటుంది, అటూ ఇటూ మట్టి దిగిపోతుంది, మెట్టెక్కినట్టు ఎక్కి దిగాలి. 165 నంబర్ హైవే మీద ఉన్నంతసేపు పర్వాలేదు, దిగి కాలవ గట్టు పట్టుకున్నామంటే నడుం సంగతి చూసుకోవాల్సిందే.

తూము దగ్గర ముందు "ఠక్" మని హ్యాండిల్‌లోకి కొట్టేది, వెంటనే వెనక సీటు ఎగరేసేది. మెకానిక్ బండి స్టాండు కూడా తియ్యకుండానే "ఆయ్, షాకప్లు పోయాయండీ, జత మార్చేద్దామండి" అన్నాడు. మా బావమరిది అయితే "సాఫ్ట్ చేయించు బావా, అన్నీ లూజు చేసెయ్యమను" అన్నాడు. ఇద్దరి మాటా నాకు ఎక్కలేదు, ఎందుకంటే దెబ్బ తగులుతోందంటే షాకప్ గట్టిగా ఉందనే కాదు కదా, మరీ మెత్తగా ఉండి పూర్తిగా దిగిపోయి అడుగుకి కొట్టుకున్నా అదే దెబ్బ తగులుతుంది. ఏదో తెలీకుండా సాఫ్ట్ చేస్తే ఉన్నది ఇంకా పాడవుద్ది.

ముందు డబ్బులు అక్కర్లేని పని, టైర్లో గాలి. మా దగ్గర గాలి కొట్టే కుర్రాళ్ళు ఏ బండికైనా ముందూ వెనకా 40 కొట్టి పంపిస్తారు, గట్టిగా ఉంటే మైలేజీ వస్తుందని. నా బండికి ముందు 25, వెనక ఒక్కడే అయితే 28, ఇద్దరైతే 32 పీఎస్ఐ. గేజ్ ఒకటి కొనుక్కుని పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు సెట్ చేశా. చిన్న చిన్న గరుకు, తారు లేచిపోయినచోట వచ్చే ఆ గిరగిర, అదంతా అక్కడికక్కడే సగం పోయింది. షాకప్‌కి పని చెప్పేలోపే టైరు చెయ్యాల్సిన పని ఒకటి ఉంటుంది మరి.

తర్వాత కొలతలు. ముందు షాకప్‌ని ఫోర్క్ అంటారు, దాని రాడ్‌కి ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించి సీల్ (ఆయిల్ బయటికి కారకుండా ఆపే రబ్బరు రింగు) దాకా కిందకి జరిపి పెట్టా. బండి తిరిగి వచ్చాక అది ఎక్కడ ఆగిందో చూస్తే ఫోర్క్ ఎంత లోపలికి వెళ్ళిందో తెలిసిపోతుంది. మొగల్తూరు వెళ్ళొచ్చి చూస్తే టై దాదాపు పై దాకా వెళ్ళిపోయి ఉంది, అంటే ఫోర్క్ అడుగుకి కొట్టుకుంటోంది, ఆ "ఠక్" అదే. ఇంక శాగ్ చూశాం, అంటే మనం కూర్చుంటే బండి ఎంత దిగుతుందో ఆ లెక్క. ముందు చక్రం గాల్లో ఉండేలా లేపి రాడ్ కొలవాలి, తర్వాత మనం ఎప్పుడూ కూర్చునేలా బ్యాగుతో సహా కూర్చుంటే ఇంకొకరు మళ్ళీ కొలవాలి. రెంటికీ తేడా శాగ్. రాపిడి వల్ల ఒకసారి నొక్కి వదిలితే ఒకటి వస్తుంది, పైకి లేపి వదిలితే ఇంకోటి, రెండూ తీసుకుని మధ్యలోది వేసుకోవాలి. టేపు పట్టుకుంది బావమరిదే. మామూలు రోడ్డు బండికి మొత్తం కదలికలో మూడో వంతు లోపు దిగితే బావుంటుంది, నా ఫోర్క్‌కి అటూఇటూగా 130 మిల్లీమీటర్లు కదలిక, కాబట్టి 40 దగ్గర ఉండాలి. వచ్చింది 55. వెనక చూస్తే రివర్స్, నేను పెట్టెతో కూర్చున్నా గట్టిగా 10 మిల్లీమీటర్లు కూడా దిగలేదు, ఎవరో ఎప్పుడో ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు, బాగా బిగుతుగా అయిదో నాచ్‌లో (మెట్టులో) పెట్టేసి వదిలేశారు. ముందు మరీ మెత్తన, వెనక మరీ గట్టి, ఒకే బండిలో!

వెనకది సులువు. కాలర్ తిప్పే సీ ఆకారపు స్పానర్ తీసుకుని రెండు పక్కలా రెండో నాచ్‌కి దింపా. దీన్ని స్క్రూడ్రైవర్, సుత్తి పెట్టి కొట్టేవాళ్ళున్నారు, ఆ కాలర్ చెవులు విరిగిపోతాయి. రెండు వైపులా నాచ్ ఒకటే ఉండాలి, లేకపోతే బరువు రెండు షాకప్‌ల మీదా సమానంగా పడదు. ఇంకో మాట, ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడిపోదు, స్ప్రింగ్ అదే, బండి నిలబడే ఎత్తు మారుతుంది అంతే. మరీ పైకి నిలబెడితే గుంతలోకి దిగడానికి చక్రానికి చోటే మిగలదు, అందుకే ఎగరేస్తుంది.

ముందుది అసలు పని. ముందు చక్రం తీసి, బ్రేక్ కాలిపర్‌ని పైపు మీద బరువు పడకుండా తీగతో వేలాడదీసి, ఫోర్క్‌లు రెండూ దింపాం. మూత విప్పేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోవాలి, లోపల స్ప్రింగ్ తోస్తూ ఉంటుంది. ఆయిల్ వంచితే బూడిద రంగులో, అడుగున సన్నటి లోహపు పొడితో పేస్టులా వచ్చింది, కంపు. ఎడమ వైపు కుడి వైపులో సగం కూడా లేదు. సీల్ కారుతోందని ముందే తెలుసు, ఒకసారి మార్పించినా మళ్ళీ కారింది. ఎందుకో రాడ్ తుడిచి గోరు పెట్టి లాగితే తెలిసింది, గోరుకి తగిలేంత చుక్కలు, తుప్పు తిన్న గుంటలు. ఉప్పునీటి చెరువుల గట్ల మీద తిరిగి బురద రాడ్ మీదే ఎండిపోతే క్రోమ్ ఇలాగే లేస్తుంది, ఆ అంచు పైకీ కిందకీ ఆడుతూ కొత్త సీల్ పెదవిని కూడా కోసేస్తుంది. సీల్ కంపెనీని తిట్టి లాభం లేదు. 1200 నంబర్ ఎమరీ పేపర్ ఆయిల్‌తో తడిపి రాడ్ చుట్టూ అడ్డంగా రుద్ది అంచులు దించా, లోతుగా ఉన్న రెండు మూడు చోట్ల ఎపాక్సీ పెట్టి ఆరాక మళ్ళీ రుద్దా. ఇది కూడా పోతే రాడ్ మార్చుకోవడమే. కొత్త సీల్ ఎక్కించేటప్పుడు రాడ్ కొసకి పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి ఆయిల్ రాసి జారిస్తే పెదవి మడత పడదు.

ఆయిల్ పొయ్యడానికి నా ల్యాబ్ సామానే పనికొచ్చింది. మామూలుగా షెడ్లలో కళ్ళతో చూసి పోసేస్తారు, నేను 250 మిల్లీలీటర్ల కొలత గొట్టంతో మాన్యువల్‌లో రాసినంతే రెండు వైపులా చుక్క తేడా లేకుండా పోశా. చెరువు నీటి అల్కలినిటీ (క్షారత) చూసేటప్పుడు నీటి మట్టాన్ని కంటికి సమానంగా పెట్టి కింది అంచు దగ్గర చదువుతామే, అదే పద్ధతి, మా బావమరిది "రొయ్యలకి మందేస్తున్నావా బావా" అని ఒకటే నవ్వు. తర్వాత రాడ్‌ని మెల్లగా పైకీ కిందకీ ఆడించి లోపలి గాలి బుడగలు పోయాక స్ప్రింగ్ లేకుండా పూర్తిగా దింపి, పైఅంచు నుంచి ఆయిల్ ఎంత లోతులో ఉందో రెండు వైపులా మళ్ళీ సరిచూశా. ఈ మట్టం ముఖ్యం, పైన మిగిలిన గాలే చివర్లో స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. ఆయిల్ గ్రేడ్ మాత్రం కంపెనీ చెప్పిందే, మందంది పోస్తే చిన్న గతుకులన్నీ చేతుల్లోకి వస్తాయి. బండి ముందు మరీ దిగకుండా స్ప్రింగ్ పైన 15 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క, అటూఇటూ వాషర్లు పెట్టా. శాగ్ 40కి వచ్చింది. పైన బెల్లోస్, అదే కొన్ని బుల్లెట్లకి ఉండే రబ్బరు తొడుగు, వేయించా, బురద ఇంక రాడ్ మీదకి రాదు.

ఇప్పటికే బండి మారిపోయింది, పైసలు పెద్దగా అవ్వలేదు. అయినా వెనక సీటు నొక్కి వదిలితే రెండు మూడుసార్లు ఊగుతోంది, మంచి షాకప్ పైకొచ్చి ఒక్కసారే ఆగాలి. ఒక దాని ఒంటి మీద ఆయిల్ తడి కూడా ఉంది. ఇవి గ్యాస్ నింపిన షాకప్‌లు, వీటిని ఇక్కడ ఎవరూ విప్పి కట్టరు, జత మార్చాల్సిందే, అంటే మెకానిక్ చెప్పింది వెనక వరకు కరెక్టే. కొనేముందు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) బుష్ అరిగిందేమో చూశా, వెనక చక్రం పట్టుకుని పక్కకి ఊపితే ఆట లేదు. పాతదాన్ని బల్ల మీద పెట్టి పై కన్ను (బోల్టు పట్టే రంధ్రం) మధ్య నుంచి కింది కన్ను మధ్య దాకా కొలిచి అదే పొడవున్న, రీబౌండ్, అంటే షాకప్ దిగాక పైకొచ్చే వేగం, తిప్పి మార్చుకునే జత తెప్పించా. పొడవు ఎక్కువైతే స్టైలుగా కనిపిస్తుంది గానీ హ్యాండిల్ తత్తరపడుతుంది, సైడ్ స్టాండు వేస్తే బండి పడుకుంటుంది. షాకప్‌లు అమ్మేవాళ్ళు నా బరువు అడిగితే పెట్టెతో కలిపే చెప్పా.

రీబౌండ్ నాబ్ పూర్తిగా మూసి, అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ వదలాలి. కొంచెం మూసి ఉంచితే ఒక్క తూము మీద భలే ఉంది, అలలు అలలుగా ఉన్న రోడ్డెక్కేసరికి వెనక చక్రం పూర్తిగా పైకి రాకముందే తర్వాతి అల వచ్చేసి షాకప్ దిగి దిగి గట్టిపడిపోయింది. మరీ వదిలేస్తే పాత ఎగురుడు. ఒకే రోడ్డు ముక్క, ఒకే స్పీడు, ఒక్కో క్లిక్కు, ఇదొక్కటే దారి, మా గట్టుకి మధ్య కన్నా ఒక క్లిక్కు వదులుగా కుదిరింది.

సీ స్పానర్ సీటు కిందే ఉంటుంది. మా ఆవిడ ఎక్కితే వెనక రెండు నాచ్‌లు పైకి, గాలి 32కి, దిగాక మళ్ళీ కిందకి. బద్ధకించి వదిలేశానా, మర్నాడు పెట్టెలో బాటిళ్ళ చప్పుడే గుర్తుచేస్తుంది.